సెంకూ బొమ్మ అసలుదేనా, మన ఎండకు తట్టుకుంటుందా: ఒక సేకరణకర్త సమాధానం

కాజీపేటలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక సోదరుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ‘డాక్టర్ స్టోన్’ అనే జపాన్ యానిమేషన్ ధారావాహిక మీద ఇష్టంతో ఆయన కిందటేడు ఆన్‌లైన్‌లో 850 రూపాయలకు దాని కథానాయకుడు సెంకూ బొమ్మ ఒకటి కొన్నారు. ఎండాకాలం గడిచేసరికి అది ఒక పక్కకు ఒరిగింది, ముట్టుకుంటే చేతికి జిగటగా తగులుతోంది. అది అసలుదా నకిలీదా, ఆ జిగట పోతుందా, చేతిలో ఉన్న 6,000 రూపాయలతో ఇకముందు ఏం కొనాలి, జపాన్ నుంచి తెప్పించుకోవచ్చా, మన ప్రాంతపు ఎండకు వీటిని ఎలా కాపాడుకోవాలి అన్నవి ఆయన సందేహాలు.

నేను హనుమకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. పన్నెండేళ్లకు పైగా బొమ్మలు సేకరిస్తున్నాను. 2019 జులైలో ఈ ధారావాహిక మొదటి భాగం వచ్చినప్పటి నుంచి దానికి సంబంధించిన వస్తువులకు మా ఇంట్లో ఒక అర ప్రత్యేకంగా కేటాయించాను. మీరు వేసిన ప్రశ్నలు అయిదు వేరువేరుగా కనిపిస్తున్నా, నా అనుభవంలో వాటన్నిటికీ మూలం ఒక్కటే: చేతిలో ఉన్న బొమ్మ ఏ పదార్థంతో తయారైందో తెలుసుకోవడం. మనుషులంతా రాళ్లయిపోయిన లోకాన్ని సైన్సుతో మళ్లీ నిలబెట్టే ఈ కథలో సెంకూ చేసే పని కూడా అదే కదా. ఏ వస్తువు కనబడినా ముందు అందులో ఏముందని చూస్తాడు, తర్వాతే దానితో ఏం చేయవచ్చో ఆలోచిస్తాడు. అతని బొమ్మను కొనేవాళ్లం ఆ చూపును బొమ్మ మీదకే తిప్పితే సగం నష్టాలు తప్పుతాయి.

ముందు జిగట సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు దాన్నే నకిలీకి రుజువుగా భావిస్తున్నట్లున్నారు. ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం పీవీసీ, కొంత భాగం ఏబీఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్. మన ఇళ్లలో నీళ్ల పైపులకు వాడేది కూడా పీవీసీయే అయినా అది గట్టిగా ఉంటుంది. బొమ్మ జుట్టు మొనలు, బట్టల మడతలు పెళుసుగా విరిగిపోకుండా కాస్త వంగేలా ఉండటానికి అదే పీవీసీలో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థాన్ని కలుపుతారు. అది ప్లాస్టిక్ అణువులతో రసాయనికంగా బంధం ఏర్పరచుకోదు, వాటి మధ్య ఇరుక్కుని మాత్రమే ఉంటుంది. అందువల్ల కాలం గడిచేకొద్దీ మెల్లగా పైకి ఊరి వస్తుంది, వేడి తగిలితే మరింత త్వరగా వస్తుంది, గాలి ఆడని పెట్టెలో నెలల తరబడి ఉంచితే వచ్చినది వచ్చినట్లే పైపొరగా పేరుకుంటుంది. మీ చేతికి తగిలే జిగట అదే. ఇది అసలు బొమ్మలకూ వస్తుంది. నా దగ్గర జపాన్ నుంచి సీలు విప్పకుండా వచ్చిన బొమ్మ ఒకటి, పెట్టెలోనే రెండేళ్లు ఉంచినందుకు, తెరిచిన రోజున వేలికి అతుక్కుంది.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తీసుకుని గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు కలిపి, మెత్తని కుచ్చు ఉన్న పాత మేకప్ బ్రష్‌తో పైనుంచి కిందికి సుతారంగా కడగండి. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, పలచని నూలు గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టకండి. జిగట మళ్లీ కొన్ని నెలలకు రావచ్చు, అప్పుడు మళ్లీ కడగాలి. స్పిరిట్, శానిటైజర్, థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం మాత్రం దగ్గరికి రానివ్వకండి. గోళ్ల రంగు తీసే ద్రవంలో సాధారణంగా ఉండే అసిటోన్ ఏబీఎస్‌ను కరిగిస్తుంది, ఆల్కహాల్ రంగును ఊడదీస్తుంది. కథలో నైట్రిక్ ఆమ్లంతో కలిసి రాతి మనుషులను లేపిన ఆల్కహాలే, మన చేతిలో బొమ్మ మీది రంగును లేపేస్తుంది. కరోనా రోజుల్లో చేతులకు రాసుకునే శానిటైజర్‌తో అన్నిటినీ తుడిచే అలవాటు మా ఇంట్లో కూడా మొదలై, ఒక బొమ్మ కనుబొమ్మ పోయాక ఆగింది.

ఇక ఒరగడం గురించి. మృదువుగా చేయని పీవీసీ సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ప్లాస్టిసైజర్ కలిపినది అంతకంటే చాలా తక్కువ వేడికే లొంగుతుంది. మే నెలలో వరంగల్‌లో బయట 44, 45 డిగ్రీలు ఉన్న రోజున, పైన మరో అంతస్తు లేని గదిలో, స్లాబ్ కింద, పడమటి గోడకు ఆనించిన ర్యాకులో ఎంత వేడి నిలుస్తుందో మధ్యాహ్నం మూడు గంటలకు ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. సెంకూ ఆకారానికి ఇంకో ఇబ్బంది ఉంది. అతని జుట్టు నిలువుగా పైకి లేచి పెద్దదిగా ఉంటుంది కాబట్టి బరువు అంతా పైన చేరుతుంది, దాన్ని మోసేది సన్నని చీలమండలు. ఒకసారి ఎండాకాలంలో మేము కరీంనగర్‌లో పెళ్లికి వెళ్లి గదికి తాళం వేసి వారం రోజులు ఉండిపోయాము. తిరిగి వచ్చి చూస్తే బాన్‌ప్రెస్టో అనే జపాన్ బ్రాండు వారి సెంకూ ఎడమ చీలమండ దగ్గర మెత్తబడి, ముందుకు వంగి, ముక్కు అద్దానికి తాకి ఉంది. పక్కనే నిలబెట్టిన, కాళ్లు పొట్టిగా తల పెద్దదిగా ఉండే నెండోరాయిడ్ మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే దానికి వెనక నుంచి ఆసరా ఇచ్చే చిన్న కొయ్యలాంటి స్టాండు ఉంటుంది.

దాన్ని సరిచేసిన పద్ధతి మీకూ పనికి వస్తుంది. నీళ్లు కాచి, పొయ్యి ఆపి, మరుగు తగ్గి 60, 70 డిగ్రీలకు దిగే వరకు ఆగాలి. వంటింట్లో వాడే థర్మామీటర్ లేకపోతే, మరుగుతున్న నీళ్లు, మామూలు నీళ్లు సమానంగా కలిపితే దాదాపు అంత వేడి వస్తుంది. బొమ్మను బేస్ నుంచి తీసి, వంగిన కాలు వరకే ఒక నిమిషం ముంచాలి. మెత్తబడినట్లు తెలియగానే బయటికి తీసి, కావలసిన కోణంకంటే వెంట్రుకవాసి ఎక్కువగా వెనక్కి వంచి పట్టుకుని, అలాగే చల్లని నీళ్లలో ముంచి అర నిమిషం కదపకుండా ఉంచాలి. ఒక్కసారికి రాకపోతే రెండోసారి చేయాలి గాని బలం పెట్టకూడదు. హెయిర్ డ్రయ్యర్‌తో కూడా చేస్తారు, అయితే దాని వేడి ఒకే చోట పడి రంగు బుడగలెత్తే ప్రమాదం ఉంది కాబట్టి నేను నీళ్లనే నమ్ముతాను.

ఇప్పుడు మీ బొమ్మ అసలుదా కాదా అన్న విషయం. మీరు పంపిన వివరాలను బట్టి అది నకిలీ అని నా అభిప్రాయం, కారణం జిగట కాదు. 850 రూపాయల ధర ఒక్కటే అయినా నేను అనుమానించేవాణ్ణి. ఆ పైన పెట్టె లేదన్నారు, అమ్మినవారు ‘ఫస్ట్ కాపీ’ అన్నారని రాశారు. ఫస్ట్ కాపీ అన్న మాటకు మన బజారులో ఉన్న అర్థం నకిలీ అనే. కాకపోతే బాగా చేసిన నకిలీ అని చెప్పుకుంటారు. అయినా ధరను, మాటను పక్కనపెట్టి వస్తువునే చూడటం నేర్చుకోండి, రేపు 2,500 రూపాయల నకిలీ ఎదురైనప్పుడు అదే ఆదుకుంటుంది.

బొమ్మను కిటికీ దగ్గర పగటి వెలుతురులో పట్టుకుని ముందు జుట్టు చూడండి. సెంకూ జుట్టు తెల్లగా మొదలై చివర్లకు వచ్చేసరికి ఆకుపచ్చగా మారుతుంది. అసలు బొమ్మలో ఆ మార్పు ఎయిర్‌బ్రష్‌తో చేసింది కాబట్టి పొగమంచులా కలిసిపోతుంది, ఎక్కడ తెలుపు ఆగి ఎక్కడ పచ్చదనం మొదలైందో గీత గీయలేరు. నకిలీలో పచ్చరంగులో ముంచి తీసినట్లు అంచు కనిపిస్తుంది. తర్వాత నుదురు. రాయి నుంచి బయటపడిన గుర్తుగా అతని నుదుటి మీద పగుళ్ల గీతలు ఉంటాయి. అసలులో అవి సన్నగా, మొన తేలి, మందంలో హెచ్చుతగ్గులతో ఉంటాయి. నకిలీలో బాల్‌పెన్నుతో గీసినట్లు మొద్దుగా ఉంటాయి. అన్నిటికంటే నేను నమ్మే గుర్తు అంగీ మీద ఉండే ఐన్‌స్టీన్ సమీకరణం. భూతద్దంతో చూడండి. అక్షరాల అంచులు నిలిచి ఉన్నాయా, బట్ట మడతలో కూడా వంకర పోకుండా దిగాయా, పైనున్న చిన్న రెండు అంకె రెండులాగే ఉందా లేక సిరా చుక్కలా ఉందా? నా దగ్గర పోల్చి చూపడానికి ఉంచుకున్న నకిలీలో ఆ రెండు అంకె కామాలా కనిపిస్తుంది. సైన్సు కోసం ప్రాణం పెట్టే మనిషి గుండెల మీది సూత్రాన్ని తప్పుగా అచ్చువేసిన బొమ్మను అరలో పెట్టుకోవడం నాకు మనస్కరించదు.

చర్మం కూడా చెబుతుంది. అసలు బొమ్మ ముఖం, చేతులు నిగారింపు లేకుండా మ్యాట్‌గా ఉంటాయి, నకిలీకి నూనె రాసినట్లు మెరుపు ఉంటుంది. భుజం, మెడ అతికిన చోట వేలిగోరు దూరేంత సందు ఉంటే, రెండు అచ్చుల మధ్య గీత చేతికి గరుకుగా తగిలితే, పెట్టె తెరవగానే పెట్రోలు, రబ్బరు కలిసినట్లు ఘాటు వాసన వస్తే, ఈ మూడింటిలో ఏ రెండు కలిసినా సందేహించాల్సిందే. బేస్ అడుగున, పెట్టె వెనక హక్కుల గుర్తు పక్కన ఒక వరుస ఉంటుంది. అందులో ఈ కథకు చిత్రాలు గీసిన బోయిచి పేరు, ప్రచురణకర్త షుఏషా పేరు, డాక్టర్ స్టోన్ నిర్మాణ కమిటీ పేరు జపాన్, ఇంగ్లీషు అక్షరాలు కలిసి వస్తాయి. అది అసలు లేకపోయినా, అక్షరాలు పొడి పొడిగా విరిగి ఉన్నా నకిలీయే.

ఈ సందర్భంలో రెండు అపోహలు తొలగించాలి. పెట్టె మీద ‘మేడ్ ఇన్ చైనా’ అని ఉంటే నకిలీ అనుకుంటారు. జపాన్ కంపెనీల అసలు బొమ్మలు చాలావరకు చైనా కర్మాగారాల్లోనే తయారవుతాయి, కాబట్టి ఆ మాట దేనికీ రుజువు కాదు. రెండోది, బంగారు రంగు తోయే స్టిక్కర్ లేదు కాబట్టి నకిలీ అనే వాదన. ఆ స్టిక్కర్ తోయే యానిమేషన్ సంస్థ నిర్మించిన ధారావాహికల వస్తువులకు వేసేది. డాక్టర్ స్టోన్‌ను నిర్మించింది టీఎంఎస్ ఎంటర్‌టైన్‌మెంట్, అందువల్ల సెంకూ పెట్టె మీద తోయే స్టిక్కర్ కనబడితేనే అనుమానించాలి.

కొనడానికి ముందు రకాలు తెలియాలి. ప్రైజ్ ఫిగర్లు అన్నవి జపాన్‌లో గేమ్ సెంటర్ల క్రేన్ యంత్రాల్లో బహుమతులుగా పెట్టడానికి చేసినవి. గెలిచినవాళ్లు అమ్ముకోగా సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు, అక్కడి నుంచి మనకు వస్తాయి. బాన్‌ప్రెస్టో వారి ‘ఫిగర్ ఆఫ్ స్టోన్ వరల్డ్’ వరుస ఇటువంటిదే. ధర తక్కువ, అయినా మంచి వెలుతురులో చూస్తే పనితనం చిన్నబోదు. నెండోరాయిడ్ గుడ్ స్మైల్ కంపెనీ వారిది, సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు, ముఖాలు, చేతులు మార్చుకోవచ్చు. పాత్ర ఎత్తులో ఏడో వంతు, ఎనిమిదో వంతు కొలతలతో వచ్చే స్కేల్ ఫిగర్లు ఈ రెండింటికంటే ఎంతో ఖరీదు, మీ బడ్జెట్‌కు అందవు, ఇప్పుడు వాటి గురించి ఆలోచించవద్దు. ఫంకో పాప్ బొమ్మలు మన దేశంలో సులువుగా దొరుకుతాయి గాని, సెంకూ ముఖంలోని చురుకుదనం ఆ నల్లగుండీ కళ్లలో కనిపించదని నా అభిప్రాయం.

బొమ్మలు కాక అక్రిలిక్ స్టాండ్లు, కీచైన్లు, క్యాన్ బ్యాడ్జీలు, క్లియర్ ఫైళ్లు ఉంటాయి. వీటిలో చాలా వాటిని లోపల ఏ పాత్ర ఉందో తెలియకుండా కవర్లో పెట్టి అమ్ముతారు. క్రోమ్ కావాలని కొంటే మాగ్మా వస్తుంది, మళ్లీ కొంటే మళ్లీ మాగ్మాయే వస్తుంది. మొదటి 6,000 రూపాయలను ఇందులో పోయడం నాకు ఇష్టం లేదు.

నేనైతే ఆ డబ్బును ఇలా ఖర్చు చేస్తాను. ముందుగా మాంగా, అంటే ఈ ధారావాహికకు మూలమైన జపాన్ బొమ్మల కథ, సంపుటాలు. కథ రీచిరో ఇనగాకి, చిత్రాలు బోయిచి. 2017 మార్చి నుంచి 2022 మార్చి వరకు వీక్లీ షోనెన్ జంప్‌లో వచ్చింది. విజ్ మీడియా వారి ఇంగ్లీషు సంపుటాలు మన దేశంలో పుస్తకాల ధరకే దొరుకుతాయి, దిగుమతి చిక్కు మనకు ఉండదు, నకిలీ భయం తక్కువ. ఈ ధారావాహికకు సంబంధించి రూపాయికి రూపాయి విలువ ఇచ్చే అసలు వస్తువు అదే. మొదటి మూడు, నాలుగు సంపుటాలు కొని, మిగిలిన దానితో ఒక్క బొమ్మ, అదీ భారతదేశంలోనే అధికారికంగా దిగుమతి చేసి బిల్లు ఇచ్చే అమ్మకందారు దగ్గర, కొనండి. ఒక్కటి చాలు. ఏది అని అడిగితే, మీకు మరువలేని దృశ్యం ఏదో దానికి దగ్గరగా ఉన్నది అంటాను.

నాకు అటువంటి దృశ్యం ఇసుకలోని ఇనుమును పోగుచేసి, ఊపిరి సలపకుండా తిత్తులు ఊది కరిగించే ఘట్టం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు ఒకప్పుడు మూసల్లో కరిగించిన ఉక్కు సముద్రాలు దాటి వెళ్లింది, డమాస్కస్ కత్తులతో కలిపి దాని పేరు చెబుతారు. ఆ ఘట్టం చూసిన రాత్రి నాకు కోనసముద్రమే గుర్తొచ్చింది. నా దగ్గరి సెంకూ నిలబడిన చోట పక్కనే పిడికెడు నల్లని ఇసుక, అందులో ఒక అయస్కాంతం పెట్టిన చిన్న గాజు గిన్నె ఉంటుంది. ఇంటికి వచ్చిన మా విద్యార్థులు బొమ్మకంటే ముందు ఆ గిన్నెనే చేతిలోకి తీసుకుంటారు.

జపాన్ నుంచి తెప్పించుకోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నష్టపోయేది ఇక్కడే. అక్కడి సెకండ్‌హ్యాండ్ దుకాణంలో 2,000 యెన్‌ల ప్రైజ్ ఫిగర్ చూసి, రూపాయల్లో 1,200 లోపే కదా అనిపిస్తుంది. దానికి పంపిణీ ఖర్చు మరో 2,500 యెన్‌లు అయిందనుకుందాం. కస్టమ్స్ వారు సుంకం వేసేది బొమ్మ ధర ఒక్కదాని మీద కాదు, పంపిణీ ఖర్చు, బీమా కలిసిన మొత్తం మీద. అంటే 4,500 యెన్‌లు, సుమారు 2,600 రూపాయల మీద. ఆటబొమ్మల మీద ప్రాథమిక సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెంచారు. ఆ లెక్కన సుంకమే 1,820 రూపాయలు, ఆ పైన సర్‌ఛార్జి, ఐజీఎస్టీ, కొరియర్ కంపెనీ వసూలు చేసే రుసుము. 1,200 రూపాయల బొమ్మ ఇంటికి చేరేసరికి 5,000 రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. పార్సిల్‌ను ఆటబొమ్మగా చూడాలా, ప్లాస్టిక్ అలంకరణ వస్తువుగా చూడాలా అన్నది అధికారి నిర్ణయం, దాన్ని బట్టి మొత్తం మారుతుంది. మన చేతిలో లేని ఆ నిర్ణయం మన పక్షాన వస్తుందని అనుకుని ఆర్డరు పెట్టకూడదు.

ఇంకో మార్పు కూడా చాలామందికి తెలియదు. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు బహుమతి పార్సిళ్లకు సుంకం ఉండేది కాదు. ఆ సౌకర్యాన్ని 2019 డిసెంబరులో తీసేశారు. కనుక పెట్టె మీద ‘గిఫ్ట్’ అని రాయమని అమ్మకందారును అడగడం వృథా, విలువ తగ్గించి రాయమనడం తప్పు కూడా. 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటబొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం తప్పనిసరి అయింది, ఆ కారణంగా కూడా పార్సిళ్లు ఆగిన సందర్భాలు ఉన్నాయి. నా పార్సిల్ ఒకటి రెండు నెలలు నిలిచిపోయి, నేను వయసులో పెద్దవాణ్ణనీ, ఇది అలంకరణకు ఉంచుకునే వస్తువనీ, ఉత్పత్తి పేజీలో 15 ఏళ్లు పైబడినవారికి అని ఉందనీ రాతపూర్వకంగా ఇచ్చాక విడుదలైంది. ఆ పేజీని, చెల్లింపు రసీదును, ఆధార్ లేదా పాన్ ప్రతిని ఆర్డరు పెట్టిన రోజే ఒకచోట దాచుకోండి.

అయినా తెప్పించక తప్పదనుకుంటే ముగ్గురు నలుగురు మిత్రులు కలిసి ఒకే పార్సిల్‌గా తెప్పించుకోండి. కొరియర్ కంపెనీలు అసలు బరువును, పెట్టె పరిమాణం ప్రకారం వచ్చే బరువును పోల్చి రెండింటిలో ఎక్కువ ఏదైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే ఆ రెండో బరువు కిలోల్లో వస్తుంది. బొమ్మ పెట్టెలో సగం గాలే కాబట్టి ఆ లెక్క మనకు నష్టం. జపాన్ తపాలా శాఖ ఈఎంఎస్‌లో అసలు బరువే లెక్క, తేలికైన పెద్ద పెట్టెలకు అది మేలు. అలాగే, ఒక నెండోరాయిడ్ మార్కెట్లో లేకుండా పోయిందని కంగారుపడి రెట్టింపు ధర పెట్టకండి. గుడ్ స్మైల్ వారు గిరాకీ ఉన్నవాటిని మళ్లీ తయారుచేసి విడుదల చేయడం తరచుగా జరుగుతుంది.

కాపాడుకోవడానికి ఖర్చు పెద్దగా లేదు, స్థలం ఎంపికే ముఖ్యం. మేడ మీది గదికంటే కింది గది, పడమటి గోడకంటే ఉత్తరపు గోడ మంచిది. కిటికీ ఎండ నేరుగా పడకూడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తెల్ల ప్లాస్టిక్ పసుపు పడుతుంది, సెంకూ జుట్టు ప్రధానంగా తెలుపు కాబట్టి అతనిలో అది ముందుగా బయటపడుతుంది. ఒకసారి పసుపు పడితే దాన్ని వెనక్కి తేవడం కష్టం. పాత కంప్యూటర్ల ఏబీఎస్ పెట్టెలను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచే పద్ధతి ఉంది గాని, రంగులు వేసిన బొమ్మ మీద దాన్ని ప్రయోగించకండి. సజ్జ మీద పెట్టడం అందరూ చేసే పొరపాటు. స్లాబుకు అత్యంత దగ్గరగా ఉండే చోటు అదే, ఇంట్లో అన్నిటికంటే వేడి అక్కడే నిలుస్తుంది. ఖాళీ పెట్టెలను మాత్రం అక్కడ ఉంచవచ్చు, అదీ చెదలు పట్టని గోడ వైపు, కింద ప్లాస్టిక్ షీటు వేసి. పెట్టె ఉంటేనే రేపు అమ్మాలన్నా ధర వస్తుంది.

మన ఇళ్లలో బీరువాల్లో వేసే నాఫ్తలీన్ గోళీలను, వాటినే కలరా ఉండలు అంటాము, బొమ్మల దగ్గర అస్సలు పెట్టవద్దు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. కర్పూరం కూడా అంతే. పూర్వం సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ను కర్పూరం కలిపే వంగేలా చేసేవారు, అంటే అది స్వయంగా ప్లాస్టిసైజర్ పని చేసేది. దేవుడి గదిని ఆనుకుని అద్దాల అల్మారా ఉంటే అగరుబత్తి పొగ, నూనె మసి సన్నని పొరగా పట్టి దుమ్మును అంటించుకుంటాయి, కాబట్టి దూరం పాటించండి. రబ్బరు కీచైన్లను పీవీసీ బొమ్మకు తగిలేలా వేలాడదీస్తే కొన్నాళ్లకు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వానాకాలంలో క్యాన్ బ్యాడ్జీల వెనక పిన్ను ముందు తుప్పు పడుతుంది, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికాజెల్ పొట్లాలు రెండు పక్కన పడేస్తే ఆ సీజను గడుస్తుంది. అక్రిలిక్ స్టాండ్లను స్పిరిట్‌తో తుడిస్తే లోపల సన్నని పగుళ్లు పుడతాయి, తడిగుడ్డ చాలు.

అలంకరణ గురించి మీరు అడగకపోయినా ఒక మాట రాయాలనిపిస్తోంది. ఈ కథ రాతి ప్రపంచంలో జరుగుతుంది, మనం ఉన్నదేమో గ్రానైట్ సీమలో. కరీంనగర్ వైపు టాన్ బ్రౌన్ గ్రానైట్ కోసే చోట్ల, మన ఊళ్లో గ్రానైట్ అమ్మే దుకాణాల్లో, అరచేయంత ముక్కలు వృథాగా పడి ఉంటాయి. అడిగితే ఊరికే ఇస్తారు. అంచు నునుపు చేయించి, అడుగున ఫెల్ట్ గుడ్డ అంటించి, బొమ్మ బేస్ కింద పెట్టండి. బరువుగా ఉంటుంది కాబట్టి ఫ్యాను గాలికీ, పిల్లల చేతికీ సులువుగా పడదు. నేను దాని పక్కన ఎండిన కొర్ర కంకులు రెండు ఉంచాను. కథలో సెంకూ ఊరివాళ్లకు రామెన్ వండిపెట్టేది ఒక అడవి గడ్డి గింజల పిండితో. ఆ గడ్డి నుంచే మన కొర్రలు పుట్టాయి. గెన్ అనే పాత్ర కోసం చేసిన కోలాలో పడిన కొత్తిమీర కూడా మన పెరట్లోదే. జపాన్‌లో తయారైన కథకూ మన పొలానికీ మధ్య ఉన్న ఈ దగ్గరితనాన్ని ఆ కంకులు ఎవరికీ చెప్పకుండానే చెబుతాయి.

చివరగా, మీ దగ్గర ఉన్న నకిలీని ఏం చేయాలన్న విషయం. దాన్ని అసలుదని ఇంకొకరికి అమ్మవద్దు, ఇంట్లో పసిపిల్లలు ఉంటే నోట్లో పెట్టుకునేలా అందుబాటులో ఉంచవద్దు, అందులో ఏ ప్లాస్టిసైజర్, ఏ రంగు వాడారో పరీక్షించినవారు ఎవరూ లేరు. పారేయనూ వద్దు. వచ్చే ఆదివారం దాన్ని సబ్బునీళ్లలో కడగండి, తర్వాత వేడినీళ్ల పద్ధతిలో దాని కాలు నిలబెట్టడం సాధన చేయండి. మొదటిసారి ఎక్కువ వంచుతారు, రెండోసారి తక్కువ వంచుతారు, మూడో నాలుగో ప్రయత్నానికి ప్లాస్టిక్ ఎప్పుడు లొంగుతుందో వేళ్లకు తెలిసిపోతుంది. మీ అసలు బొమ్మ ఇంటికి వచ్చేది ఏ నెలలోనైనా, మే నెల దానికీ వస్తుంది. అప్పటికి ఆ చెయ్యి తిరిగి ఉండాలి.